మైకు సాల్మన్ సొంత మాట

మెదక్‌లో సాల్మన్ రాజు మొహం తెలియనివాళ్ళు ఉండొచ్చు గాని, గొంతు తెలియనివాళ్ళు లేరు. నిన్నగాక మొన్న కిరాయికి దిగినవాళ్ళు కూడా రెండో రోజుకల్లా ఆ గొంతుకు అలవాటు పడిపోతారు. కిటికీ అవతల ట్రాలీ ఆటో, దాని మీద రెండు హారన్లు, లోపలి నుంచి "మెదక్ పట్టణ ప్రజలకు విజ్ఞప్తీ...!" అంటూ ఆ చివరి అక్షరాన్ని వీధి మలుపు దాకా లాక్కుపోయే సాగదీత. చీరల దుకాణంలో తగ్గింపు ధరలు, చర్చిలో ఉజ్జీవ కూటాలు, కంటి ఆపరేషన్ల క్యాంపు, రేపు నల్లా నీళ్ళు రావన్న కబురు, తప్పిపోయిన బర్రె, ఎన్నికల్లో నిలబడ్డ ఇద్దరు బద్ధ శత్రువులు (ఒకరికి పొద్దున, ఇంకొకరికి సాయంత్రం), అన్నీ ఆ గొంతులోంచే ఊరికి చేరాయి. ఎవరి సంగతి చెప్పినా ఒకే శ్రద్ధ. ఆ బర్రె దొరికిన కబురు కూడా అతనే చెప్పాడు, అదీ ఉచితంగా, సంతోషం ఆపుకోలేక.

ఇంత గొంతు ఏ మనిషిలోంచి వస్తుందా అని ఆటోలోకి తొంగిచూస్తే బక్కపలచటి ఆకారం, మెడకు మఫ్లరు, కళ్ళజోడు. తండ్రి మిషన్ హాస్టల్లో వంటమనిషి. కొడుకు చదువుకుని టీచరవుతాడని ఆశపడ్డాడు. కొడుకేమో ఒక క్రిస్మస్‌కు చర్చి ఆవరణలో మైకు సెట్టు పెట్టడానికి వచ్చినాయన వెంట వైర్లు మోసి, బతిమాలి, "హలో, మైక్ టెస్టింగ్" అనే అవకాశం సంపాదించాడు. ఆ మాట చర్చి రాతిగోడకు తగిలి తిరిగొచ్చి తన చెవిలోనే పడింది. అంతే, చదువుకు దండం పెట్టేశాడు.

ఇప్పుడు అరవైకి దగ్గర పడ్డాడు. వ్యాపారం పలచబడింది. దుకాణాలవాళ్ళు హైదరాబాదులో ఎవరి చేతనో రికార్డు చేయించి పెన్ డ్రైవ్ పంపిస్తున్నారు. ఆ గొంతుకు దగ్గు రాదు, ఆకలి వెయ్యదు. "మరి బర్రె పోయిందని చెప్పేటప్పుడు దానికి బాధైతదా?" అని సాల్మన్ వాదన. వినేవాళ్ళు మాత్రం తక్కువ.

అయితే అతని అసలు బెంగ అది కాదు. ఇన్నేళ్ళూ చదివినవన్నీ ఎవరో ఒకరు రాసిచ్చిన కాగితాలే. ఊరు తన గొంతు వింటుంది, ఒప్పుకున్నాం. తన మాట ఎప్పుడైనా విన్నదా? సాల్మన్ ఇది చెయ్యండని సొంతంగా అంటే ఊరు ఒక్క పని చేసిందా? ఒక్కటంటే ఒక్కటి చేస్తే చాలు, హారన్లు దించి అటక మీద పెట్టేస్తానని అనేవాడు. భోజనాల దగ్గర ఈ ముచ్చట ఎత్తినప్పుడల్లా భార్య ప్రిస్కిల్లా, "ముందు ఇంట్ల నేను వింటున్ననా లేదా, అది చూసుకోవయ్యా" అని పచ్చిపులుసు వడ్డించేది.

ప్రిస్కిల్లా లెక్కల టీచరు. పుట్టింది కౌడిపల్లిలో, పెరట్లో పాదులు, పందిళ్ళ మధ్య పెరిగిన పిల్ల. మెదక్‌లో వాళ్ళుండే ఇంటికి పెరడు లేదు, గడప దాటితే రోడ్డే. అందుకని మొక్కల పిచ్చి ఉన్న మరికొందరిని పోగేసుకుంది. వాళ్ళందరికీ పెద్దదిక్కు సువర్ణ. ఆమెది శంకరంపేట దగ్గర భూములున్న కుటుంబం. భర్త శశిధర్ ఎరువుల దుకాణం పెట్టి మెదక్‌లో స్థిరపడితే, ఆమె మేడ మీద కుండీలు పెట్టి స్థిరపడింది. ఆదివారం సగం మందికి చర్చి ఉంటుంది కాబట్టి శనివారాలు కలిసేవారు. దాంతో శనివారం సంఘమని పేరు పడింది. "పేరు పెట్టెటప్పుడు జర పంచాంగం చూసుకోవద్దా?" అని శశిధర్ ఎగతాళి చేసేవాడు.

పాత పశువుల దవాఖాన వెనక చెత్త పోసే జాగా ఒకటుండేది. చలికాలమంతా సంఘంవాళ్ళు చేతులకు కవర్లు తొడుక్కుని దాన్ని శుభ్రం చేశారు. మున్సిపాలిటీవాళ్ళు వచ్చి చూసి, ఎండాకాలం వెళ్ళేదాకా ఆగుతామన్నారు. అప్పటికి పచ్చగా ఉంటే తోట, లేకపోతే బండ్లు నిలుపుకునే స్థలం. కాసిన కాయలు పక్కనున్న అంగన్‌వాడీకి ఇద్దామని సంఘం తీర్మానం. కాని ఆ నేల చూస్తే ఉత్త మొరం. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచాయి. ఎట్లాగో గుంతలు తవ్వి పశువుల ఎరువు నింపారు. సువర్ణ మేడ మీద కాగితం కప్పుల్లో బీర, సొర, కాకర, దోస మొలకలు ఆకులు విప్పుకుని ఎదురుచూస్తున్నాయి. ఫాల్గుణం ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. మొలకను నాటి, చుట్టూ జానెడు మందాన ఎండుటాకు కప్పితే మొరంలో కూడా తడి నిలుస్తుంది. కప్పకపోతే వారంలో మొలకలు మాడతాయి, తోటా మాడుతుంది.

ఆకు కరువా అంటే కాదు. వేప, రావి, బాదం, కానుగ, ఊరు ఊరంతా ఆకు రాలుతున్న రోజులు. కాని మనవాళ్ళకు పొద్దున్నే వాకిలి ఊడ్వడం ఎంత అలవాటో, ఊడ్చిన కుప్పకు అగ్గిపుల్ల గీయడం అంత అలవాటు. ఏ వీధి చూసినా పొగ. సువర్ణ కరపత్రాలు వేయించి ఇంటింటికీ పంచింది. ఆ సాయంత్రం చౌరస్తాలో ఆశా బజ్జీల బండి దగ్గర నాలుగు మిరపకాయ బజ్జీలు కొంటే, ఆశా అదే కరపత్రంలో చుట్టి ఇచ్చింది.

ఆ బజ్జీల పొట్లంతోనే సువర్ణ సాల్మన్ ఇంటికొచ్చింది. "చూసినవా అన్నా, నా చదువు సంధ్య ఎట్ల నూనె తాగిందో! ఇగ నువ్వే మైకుల చెప్పాలె."

"చెప్త చెల్లె, దానికేముంది. కాగితం రాసియ్యి."

"కాగితమెందుకన్నా? నువ్వు సంఘంల ఉన్నోనివే గదా. నీకు తోచింది నువ్వే చెప్పు."

సాల్మన్ నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. కాగితం లేదు! తోచింది చెప్పాలట! ఆమె వెళ్ళిపోయాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. లేచాక మాత్రం పట్టపగ్గాల్లేవు. స్నానాల గదిలో, చర్చికి పోయే దారిలో, అన్నం మధ్యలో, ఒకటే సాధన. ఈస్టర్ ముందు శ్రమకాలమని అప్పటికే టీ మానేశాడు, లేకపోతే టీకొట్టువాడు కూడా బలైపోయేవాడు. చివరికి మాట కుదిరింది. ఆఖరి ముక్కలో ప్రాస ప్రిస్కిల్లా కలిపింది. లెక్కల టీచరుకు ప్రాస కూడా వస్తుందని ఇన్నేళ్ళ కాపురంలో సాల్మన్‌కు అప్పుడే తెలిసింది.

మరునాడు పొద్దున గాలయ్య ఆటో తీశాడు. గాలయ్య సాల్మన్ చిన్ననాటి దోస్తు. సాల్మన్ మైకు పడితే గాలయ్య హ్యాండిల్ పట్టడం వాళ్ళిద్దరి మధ్య ఎప్పటి నుంచో ఉన్న ఒప్పందం. చౌరస్తా రాగానే సాల్మన్ గొంతు సవరించుకున్నాడు. అలవాటు కొద్దీ కాగితం కోసం జేబు తడుముకున్నాడు. 

"మెదక్ పట్టణ ప్రజలకు విజ్ఞప్తీ...! మీ వాకిట్ల రాలిన ఆకు చెత్త గాదు, చెట్టు మనకిచ్చిన దుప్పటి! దానికి అగ్గి పెట్టకుండ్రి. పశువుల దవాఖాన వెనక జాగల తెచ్చి పోయుండ్రి. ఎండకు మాడే మొక్కకు కప్పుదాం. పొగ మన గొంతులకు వద్దు, ఆకు మన మొక్కలకు ముద్దు!"

చెప్పి ఆగాడు. ఆకాశం విరిగి మీద పడలేదు. రోడ్డు మీద ఒకాయన స్కూటరు ఆపి, విని, వెళ్ళిపోయాడు. సాల్మన్‌కు ఒళ్ళంతా పులకరించింది. "గాలిగా, మళ్ళ తిప్పురా బండి!" అన్నాడు.

మూడు రోజులు తిరిగారు. ఊరికే చెప్తే ఎవరు నమ్ముతారని సంఘంవాళ్ళు చౌరస్తాలో రెండు కుండీలు పెట్టారు. రెండింట్లోనూ అదే మొరం, అవే నీళ్ళు. ఒకదాని మీద ఎండుటాకు కప్పారు, రెండోదాన్ని ఎండకు వదిలేశారు. వచ్చిపోయేవాళ్ళు వేలు పెట్టి చూడాలి, ఎందులో తడి నిలిచిందో చెప్పాలి. ఇంతే సంగతి. దాన్ని సాల్మన్ మైకులో కబడ్డీ ఆట లెక్కన చెప్పడం మొదలుపెట్టాడు. "పన్నెండు గొట్టింది, ఎండ ఎగవడ్డది! ఉత్త కుండి పరేషాన్‌ల ఉన్నది, పెదవులెండుతున్నయ్! ఆకు కుండి మాత్రం సల్లగ కూసున్నది, మస్తు దర్జాగ కూసున్నది!" జనం మూగారు. ఎవరో దొంగచాటుగా ఆకు కుండీలో నీళ్ళు పోస్తున్నారని ఒకాయన అనుమానం పడితే, బజ్జీల ఆశాని కాపలా పెట్టారు. ఆమె పొద్దు గూకేదాకా ఒక కన్ను మూకుడు మీద, ఒక కన్ను కుండీల మీద ఉంచి, ఆఖరుకు శనగపిండి చేతిని కడుక్కుని వేలు పెట్టింది.

"అమ్మో, సల్లగున్నది!" అని కేక వేసింది. చప్పట్లు మోగాయి. సువర్ణ, ప్రిస్కిల్లా చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా ఎగిరారు.

ఒక్క మనిషి మాత్రం లొంగలేదు. సాల్మన్ ఎదురింటి కమలమ్మ. డెబ్బై దాటిన మనిషి, ఇంటి ముందు పెద్ద బాదం చెట్టు, రోజూ గంపెడు ఆకు, రోజూ మంట. సాల్మన్ పట్టుబట్టి మూడు పూటలా ఆమె గడప ముందే ఆటో ఆపించి, మొత్తం ప్రకటన చెప్పేవాడు. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆఖరి అక్షరం దాకా వినేది. విన్నాక మొదలుపెట్టేది.

"అయిందా? పొగ పెడితెనే దోమలు పోతయ్. నా చెవుల కాడ ఇంత పెద్ద దోమ కూస్తుంటె దానికేం పొగ పెట్టాల్నో తెల్వక చస్తున్న!"

"ఆకు తెచ్చి పోయరాదె పెద్దమ్మా."

"నేను కాలవెడ్తరా. ఏం చేస్తవో చేస్కో పో."

పోతే పోయింది ఒక కమలమ్మ. ఊరు మాత్రం కదిలింది! మొదటి రోజు సాయంత్రానికే జాగాలో గంపలు దిగాయి. రెండో రోజుకు బస్తాలు. ఆడవాళ్ళు చీరకొంగుల్లో తెచ్చారు, మగవాళ్ళు స్కూటర్ల మీద తెచ్చారు. మూడో రోజుకు కుప్ప మనిషెత్తు దాటింది. సాల్మన్‌కు కాళ్ళు భూమ్మీద ఆగడం లేదు. పొద్దున లేస్తే కుప్ప దగ్గరికి, మధ్యాహ్నం కుప్ప దగ్గరికి. దాని చుట్టూ తిరిగి, అక్కడక్కడ చెయ్యి పెట్టి తట్టి వచ్చేవాడు. ఊరు తన మాట విన్నది. కాగితం లేని మాట, సొంత మాట! అటక మీద హారన్లకు చోటు కూడా చూసిపెట్టాడు.

మూడో రోజున కుప్ప మీద ఒక విరిగిన కుర్చీ కనిపించింది. తర్వాత పాత తలుపు. ఆ తర్వాత నులక తెగిన మంచం, పిడకల దండ.

"కుర్సీ ఎరువైతదా?" అంది ప్రిస్కిల్లా, అనుమానంగా.

"ఉత్సాహమే ప్రిస్కిల్లా! అడిగింది ఆకు, తెచ్చింది మంచం. ఇంట్ల ఉన్నదంత ఇస్తుండ్రు, చూడు!" అన్నాడు సాల్మన్. సంతోషంలో ఉన్న మనిషికి కళ్ళు పనిచేయవు. సువర్ణ ఉంటే అప్పుడే పసిగట్టేది, కాని ఆమె బంధువులింట్లో పెళ్ళికని శంకరంపేట వెళ్ళింది.

నాలుగో రోజు పొద్దు వాలుతుండగా ఫోను మోగింది. సువర్ణే. బస్సు దిగి తిన్నగా జాగా దగ్గరికి వెళ్ళిందట. 

"అన్నా, మన కుప్ప మీద కాముడు కూసున్నడు!"

సాల్మన్ చటుక్కున తలెత్తాడు. గోడ మీద క్యాలెండర్ చూశాడు. కాముని పున్నమ. రేపు హోలీ. ఏటా ఈ సాయంత్రం వీధి వీధి నుంచి కట్టె, పిడక, ఆకు పోగేసి, గడ్డితో చేసిన కాముడిని దాని మీద కూర్చోబెట్టి, డప్పులు కొట్టి కాలుస్తారు. ఏటా ఆ కుప్పకు తెచ్చి వెయ్యండని ఊరంతా తిరిగి పిలిచేది ఎవరు? సాల్మనే. యువజన సంఘం చైతన్య కాగితం రాసిస్తాడు, సాల్మన్ చదువుతాడు. ఈ ఏడు చైతన్య రాలేదు. వీళ్ళు కూడా పెన్ డ్రైవ్‌కు మారారు కాబోలని సాల్మన్ నొచ్చుకుని ఊరుకున్నాడు.

ఆటో దగ్గరికి పరుగెత్తాడు. గాలయ్య నింపాదిగా సీటు తుడుస్తున్నాడు. "పోదాం పా అన్నా, డప్పులు షురువైనయ్. నేను నిన్ననే మా పాత మంచం ఏసొచ్చిన."

సాల్మన్ ఆగిపోయాడు. "ఆ మంచం నీదా?"

"ఔ. కాముని కుప్పకు ఏటా ఏదో ఒకటి ఏస్తగదా."

"అరే గాలిగా! మూడు రోజులు నా పక్కన కూసొని బండి నడిపితివి. నేనేం చెప్పిన్నో ఇనలేదారా?"

గాలయ్య తల గోక్కున్నాడు. "బండి నడుపుతుంటి గదన్నా. నీ గొంతైతె ఇన్న."

ఆ మాట సాల్మన్‌కు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. పక్కన కూర్చున్నవాడే వినకపోతే ఇక ఊరు విన్నదేమిటి? ఆటో కదిలింది. 

జాగా నిండా జనం. ఎప్పుడూ కాముడిని కాల్చే చౌరస్తాలో కొత్తగా రోడ్డు వేశారు, అక్కడ మంట పెట్టొద్దన్నారు. యువకులు చోటు వెతుక్కుంటుండగా మైకులో సాల్మన్ గొంతు, దవాఖాన వెనక జాగల పోయుండ్రి అని. ఇంకేం కావాలి? కుప్ప మీద కాముడు దర్జాగా కాళ్ళు చాపుకుని ఉన్నాడు. కింద చైతన్య చేతిలో కాగడా ఉంది, ఇంకా ముట్టించలేదు. సువర్ణ ఒక్కతే చేతులు అడ్డం పెట్టి ఏదో అరుస్తోంది. డప్పుల్లో ఎవరికీ వినపడడం లేదు.

సాల్మన్ ఆటోలోంచే మైకు అందుకున్నాడు. "మెదక్ పట్టణ ప్రజలకు విజ్ఞ..." అనేసరికి హారన్లు కుయ్యిమని మూగబోయాయి. మూడు రోజులు ఎడాపెడా వాడిన బ్యాటరీ. ఛార్జింగ్ పెట్టాలన్న ధ్యాస సంబరంలో ఎవరికుంది?

మైకు పక్కన పడేశాడు. జనాన్ని తోసుకుంటూ పోయి, మంచంకోడు పట్టుకుని, తలుపు మీద కాలు పెట్టి, ఎండుటాకుల్లో మోకాళ్ళ దాకా దిగబడుతూ కుప్ప ఎక్కేశాడు. ఎక్కి, కాముడి పక్కన కూర్చున్నాడు. డప్పులు ఆగిపోయాయి. తర్వాత నవ్వులు.

"కాకా, నిన్ను గూడ కాల్చాల్నా ఏంది? దిగు!" అన్నాడు చైతన్య.

"చైతన్యా, ఇది కాముని కుప్ప గాదురా. మొక్కలకని తెప్పించిన ఆకు."

"గదేంది? జాగల పోయుండ్రి, జాగల పోయుండ్రి అని మూడ్రోజుల సంది నువ్వే పిలుస్తుంటివి. మేం కిరాయి గూడ ఇయ్యలే, కాకా ఈసారి ఫ్రీగ పిలుస్తుండని ఎంత సంబురపడ్డమో!"

"ఏం చెప్పిన్నో ఇనలేదా?"

"ఇనేదేముంది కాకా? కాముని పున్నమ ముంగట ఏటా నీ గొంతొస్తది. అది చెవిన పడితే చాలు, మాకు తెల్సిపోతది."

పొగడ్తా అది, తిట్టా? సాల్మన్‌కు ఏడుపొచ్చింది. అప్పటికి పున్నమి చంద్రుడు దవాఖాన గోడ మీదికి వచ్చాడు. జనంలో ఒక పెద్దాయన, కాముని కుప్పలో పడ్డది వెనక్కి తీస్తే ఊరికి మంచిది కాదని అన్నాడు. చాలా తలలు ఊగాయి. అది అందరికీ తెలిసిన కట్టుబాటే. పక్కింటి నిచ్చెన పొరపాటున కుప్పలో పడ్డా, దాని సొంతదారు దండం పెట్టి ఊరుకోవాల్సిందే. దానికి సాల్మన్ ఎదురు చెప్పలేడు. చర్చికి పోయేవాడొచ్చి మన పండుగకు అడ్డం పడ్డాడన్న మాట వస్తే? ఆ పండుగను ఏటా ప్రేమగా పిలిచిన గొంతు ఇదే. అయినా దిగబుద్ధి కాలేదు. దిగితే తోట పోతుంది, తన మాటా పోతుంది. లేచి నిలబడ్డాడు. మైకు లేకుండా, ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు.

"ఇన్నేండ్లు మీ బర్రెల కోసం అరిచిన, మీ ఓట్ల కోసం అరిచిన, మీ కాముని కోసం అరిచిన! అన్నీ ఎవరో రాసిచ్చినయే. ఈ ఒక్కటి నా సొంతం. నేను సొంతంగ చెప్పింది మీల ఒక్కరన్న విన్నరా? ఒక్కరు? విన్నమంటె చాలు, దిగిపోత. తర్వాత మీ ఇష్టం!"

గొంతు చివర్లో చీలిపోయింది.  అందరూ పక్కవాళ్ళ మొహాలు చూసుకున్నారు.

"నేనిన్న."

జనం పక్కకు జరిగారు. కమలమ్మ. చేతిలో కర్ర.

"మూడు పూటలు నా గడప ముంగట బండాపి నన్ను సతాయించె. వీన్ని తిట్టాలంటే వీడేమంటుండో ఇనాలె గద! ఒక్క మాట పోనియ్యకుండ ఇన్న. చెట్టిచ్చిన దుప్పటన్నడు, మొక్కకు కప్పుదామన్నడు. కాముడన్న మాట వీని నోట్లకెళ్ళి ఒక్కపారి రాలె." ఆమె పెద్దాయన వైపు తిరిగింది. "కాముని కుప్పల పడ్డది తియ్యద్దు, నిజమే. గని ఆకు ఎవలి మాట మీద పోసిండ్రు? వీని మాట మీద. వీడు మొక్కలకన్నడు, అంటే ఆకు మొక్కలది. కుర్సీలు, మంచాలు వీడు తెమ్మనలే, మీరు కామునికని తెచ్చిండ్రు. అవి కామునివి. ఎవలివి వాల్లకియ్యుండ్రి. దీనికి ఇంత లొల్లేంది?"

పెద్దాయన ఆలోచించి, ఔనన్నట్టు గడ్డం నిమురుకున్నాడు.

"నువ్వు గూడ ఆకు పోసినవా పెద్దమ్మా?" అని అడిగాడు చైతన్య.

"నేనెందుకు పోస్త? నేను కాలవెడ్త!"

జాగా జాగా అంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వులోనే డప్పు మళ్ళీ అందుకుంది. చైతన్య కాగడా పక్కన పెట్టి, కాముడిని భుజం మీద వేసుకుని దూరంగా బండరాళ్ళున్న మూలకు నడిచాడు. మంచాలు, తలుపులు, పిడకలు వెనకాల ఊరేగింపుగా కదిలాయి. మిగిలినవాళ్ళు ఆకు మీద పడ్డారు. గంపలు చాలకపోతే తువ్వాళ్ళు పరిచారు, చీరకొంగులు పట్టారు. "జానెడు మందం, జానెడు! కాడకు తగలనియ్యకుండ్రి!" అని సువర్ణ గుంత గుంతకూ పరుగెత్తింది. మొలక నాటడానికి సాయంత్రం చల్లపూటే మంచిది, ఇప్పుడే నాటేద్దామని, గోల విని పరుగెత్తుకొచ్చిన ప్రిస్కిల్లా అంది. గాలయ్య ఆటో తోలుకుపోయి మేడ మీది కాగితం కప్పులన్నీ తెచ్చాడు. ఈసారి సువర్ణ చెప్పిన ప్రతి మాటకూ రెండుసార్లు తల ఊపాడు. బజ్జీల ఆశా మొలకలకు నీళ్ళు పోసింది. ఆకు కుండీ ముచ్చట తెలియనివాళ్ళకు, తనే కనిపెట్టినట్టు చెప్పింది. దూరంగా కాముడు మండాడు, దగ్గర్లో బకెట్లతో నీళ్ళు పెట్టుకుని మరీ. ఆ వెలుతురులో గుంతలన్నీ దుప్పట్లు కప్పుకున్నాయి. సాల్మన్ కప్పడం ఆపి చూద్దామనుకున్నాడు గాని చేతులు ఆగలేదు. పండుగంటే ఇదే కదా అనుకున్నాడు.

ఇంటికొచ్చి పడుకున్నాక మాత్రం ఒక్కటి తొలిచింది. ఊరు తన మాట విన్నదా, కమలమ్మ గదమాయిస్తే విన్నదా?

పొద్దున లేచేసరికి గొంతు లేదు. పూర్తిగా పోయింది. ప్రిస్కిల్లా మిరియాల కషాయం ఇచ్చి, "ఇప్పుడైన ఇల్లు జర సల్లగుంటది" అని నవ్వుతూ చుట్టుపక్కల పిల్లలకు రంగులు కొనడానికి వెళ్ళింది. వీధిలో అప్పటికే హోలీ మొదలైంది. సాల్మన్ కషాయం గ్లాసుతో కిటికీ దగ్గర కూర్చున్నాడు.

కమలమ్మ పక్కింట్లో ఉండే ఇందిరమ్మ తన వాకిలి ఊడ్చింది. ఆకు కుప్ప చేసింది. కొంగులోంచి అగ్గిపెట్టె తీసింది. సాల్మన్ దిగ్గున లేచాడు. నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. కిటికీ చువ్వలు పట్టుకుని గింజుకున్నాడు.

అప్పుడు బాదం చెట్టు కింద నుంచి లేచింది ఒక కేక.

"మెదక్ పట్టణ ప్రజలకు విజ్ఞప్తీ...!"

చివరి అక్షరం వీధి మలుపు దాకా పోయింది. కమలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, మెడ నిక్కించి, ఒక్క మాట తప్పకుండా చెప్పుకుపోయింది. "మీ వాకిట్ల రాలిన ఆకు చెత్త గాదు, చెట్టు మనకిచ్చిన దుప్పటి! దానికి అగ్గి పెట్టకుండ్రి. పశువుల దవాఖాన వెనక జాగల తెచ్చి పోయుండ్రి. ఎండకు మాడే మొక్కకు కప్పుదాం. పొగ మన గొంతులకు వద్దు, ఆకు మన మొక్కలకు ముద్దు! సమజైందా ఇందిరా?"

ఇందిరమ్మ అగ్గిపెట్టె మళ్ళీ కొంగులో దోపుకుంది. కమలమ్మ గడప పక్కన, మూతి కట్టిన బస్తా ఒకటి నిలబెట్టి ఉంది. సందుల్లోంచి బాదం ఆకులు బయటికి పొడుచుకొస్తున్నాయి. ఆ రోజు ఆ వాకిట్లో బూడిద లేదు.

ఆమె తలెత్తి కిటికీలో సాల్మన్‌ను చూసింది. "ఏందిరా గట్ల చూస్తున్నవ్? ఏమన్న తప్పు చెప్పిన్నా?"

సాల్మన్ లేదని తల ఊపాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ తల ఊపాడు. తర్వాత గ్లాసు అక్కడే వదిలేసి, రోడ్డు దాటి వచ్చి, ఆమె బస్తా ఎత్తి భుజాన పెట్టుకుని జాగా వైపు నడిచాడు.